ముసలమ్మ నోరు, సముద్రం మాట

మా వీధి మలుపులో ఎవరో గోడలకి పోస్టర్లు అంటిస్తున్నారు. బకెట్లో మైదా జిగురు ఇంకా వేడిగా ఉన్నట్టుంది, దాని వాసన మేడమీది దాకా వచ్చింది. ఆ వాసనకి జనానికి సినిమాలు, ఎన్నికలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం అప్పలనరసమ్మ గుర్తొస్తుంది. విజయనగరంలో కోట గోడకి ఆవల, రెండు గదుల మేడలో, చిన్న గ్యాసు పొయ్యి మీద జిగురు కాస్తూ, చెమటతో తడిసిపోయి. ఎంత ఉక్కపోసినా అక్కడ ఫ్యాను వేయడానికి లేదు. వేస్తే బొమ్మలు ఎగిరిపోతాయి.

ఊరంతా ఆమెని బొమ్మల మేడం అనేవారు. నేను అప్పా అనేదాన్ని. మా వైపు అప్ప అంటే అక్క. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసేది, ఆ బొమ్మల్నే కదిలించి చిన్న చిన్న సినిమాలు తీసేది. మందపాటి అట్టలో తలా, మొండెం, చేతులూ విడివిడిగా కత్తిరించి, కీళ్ల దగ్గర వల అల్లే దారంతో కట్టేది. పాత కుట్టుమిషను బల్ల మీద బొమ్మను పరిచి, పైనుంచి కెమెరా వేలాడదీసి, చేతిని నువ్వు గింజంత జరిపి ఒక ఫొటో, మళ్లీ జరిపి మరో ఫొటో. రోజంతా అలా ఒంగుంటే సాయంత్రానికి బొమ్మ ఒక్కసారి చెయ్యి ఊపేది.

బొమ్మ వెనక ఆమె దాదాపు ఏమీ గీసేది కాదు, తెల్లగా వదిలేసేది. బద్ధకమా అని అడిగాను ఒకసారి. నేను అలాగే అడుగుతాను.

"నౌపడ ఉప్పుమళ్లు సూసినావేటే? ఎండల్లో మాయమ్మ తట్టెట్టుకుని ఆ గట్టు మీద నడిస్తే ఎనకాల సెట్టు లేదు, ఇల్లు లేదు. అంతా తెలుపే. మనిషొక్కర్తే ఉంటాది. నా బొమ్మలన్నీ అక్కడ పుట్టినవే," అంది.

వాళ్లమ్మ నౌపడ అవతలి తీరంలో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. అప్ప విశాఖపట్నంలో చిత్రకళ చదువుకుంది గానీ, ఆమె గురువు ఎవరంటే ఆ నడకే అని చెప్పాలి.

ఇక నా సంగతి. మాది గరివిడి. పుట్టిన దగ్గర్నుంచీ నాకున్న బిరుదు ఒకటే, దీనికి నోరెక్కువ. డిగ్రీ అయ్యాక ఆ నోటి వల్లే రెండు ఉద్యోగాలు వదులుకుని, నా బొమ్మలు పట్టుకుని అప్ప దగ్గరికి వెళ్లాను. ఆమె బొమ్మలు తిరగేస్తుంటే నేను గోడ మీది కోడిపుంజు బొమ్మని చూసి, దాని కాళ్లు కొంగ కాళ్లలా ఉన్నాయని వాదం పెట్టుకున్నాను. ఆమె కోడినీ చూడలేదు, కాళ్లనీ చూడలేదు. నా మూతే చూసింది.

"బొమ్మలు పరవాలేదు. నోరు బాగున్నాది. రేపట్నుంచి రా."

ఎగతాళి అనుకున్నాను. కాదు, ఆమెకి నిజంగానే నోరు కావాలి. అప్పుడు తీస్తున్న సినిమాలో, చేపలమ్మే ముసలమ్మ ఒకతె తన తట్టని లాక్కుపోయిన సముద్రంతో తగువుకి దిగుతుంది. "నా తట్టేటి సేసినావ్? సెప్పు!" అంటుంది. ఆ మాటలకి సరిపడా కాగితపు నోళ్లు కత్తిరించి, ఒక్కో ఫొటోకి ఒక్కోటి మార్చాలి. 'చె' అన్నప్పుడు పెదాలు ముందుకొస్తాయి. 'సె' అన్నప్పుడు పక్కలకి సాగి పళ్లు కనబడతాయి. అప్పకి కావాల్సింది ఆ పళ్లు. వాళ్లమ్మ మాట అది.

నేనేమో కాలేజీలో ఆ 'సె'ని ఒదిలించుకుని వచ్చినదాన్ని. అద్దం ముందు నిలబెట్టి అనమంటే, చిలక పలుకులా అనేదాన్ని. అందుకని అప్ప రోజూ పొద్దున్నే నాతో ఏదో ఒక గొడవ పెట్టుకునేది. ఓరోజు నేను కష్టపడి అతికించిన బొమ్మ చేతిని పీకేసి, "ఇది సెయ్యేటే, గరిటా?" అంది.

"రాత్తిరంతా కూకుని సేసినాను! ఒక్క మాట సెప్పకుండా పీకేస్తావేటి?" అని అరిచాను.

ఆమె అప్పటికే పెన్సిలు తీసి నా మూతి గీసేస్తోంది. "కోపమొస్తే గాని నీ నోరు ఇంటికి రాదేటే, రవణా?"

సినిమా పూర్తి కావచ్చింది. తీయించినవాళ్ల తరఫున ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు.

"బొమ్మలు అద్భుతం మేడం. మాట ఒక్కటే... పిల్లలు చూసేది కదా, కాస్త శుద్ధంగా ఉంటే..."

"అంటే మాది మురిగ్గా ఉందా అండీ?" అన్నాను.

"నువ్వుండవే," అంది అప్ప.

ఆయన హైదరాబాదులోనే ఒకరి గొంతు రికార్డు చేయించి వెంట తెచ్చాడు. అప్ప పేచీ పెట్టకుండా దాన్ని బొమ్మకి కలిపి చూపించింది. "నా తట్టను ఏం చేశావు? చెప్పు!" అంది గొంతు. తెర మీద ముసలమ్మ పెదాలు మాత్రం వేరే ఏదో అంటున్నాయి. వెనక నిలబడి ఇంకెవరో ఆవిడ చేత అనిపిస్తున్నట్టుంది. ఆయనకీ తెలిసింది.

"పెదాలు మారిస్తే సరిపోతుందేమో?"

"మార్చొచ్చండీ. మారిస్తే ఆవిడ వేరే మనిషి. నేనెరగని మనిషి. ఎరగని మనిషి బొమ్మ నాకు రాదు," అంది అప్ప మెల్లగా. సినిమా ఆగిపోయినా సరే, వాళ్లమ్మ నోరు మార్చదని అప్పుడు నాకు అర్థమైంది.

కొన్నాళ్లకి ఆయన ఫోను చేశాడు. ముసలమ్మ అలాగే మాట్లాడొచ్చునట, సముద్రం మాత్రం పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలట. నేను ఎగిరిపడ్డాను. "సముద్రం ఎక్కడ సదివిందప్పా? ఏ కాలేజీ?"

అప్ప పడీ పడీ నవ్వింది. తర్వాత కత్తెర తీసింది. "ఆఫీసర్ని సేసేద్దుమే దాన్ని. 'మీ తట్ట విషయం పరిశీలనలో ఉన్నది' అంటాది. ముసల్ది ఊరుకుంటాదేటి?"

అప్ప వాళ్ల ఊళ్లో ఇసుక మీద దుప్పటి కట్టి ఆ సినిమా వేశాం. సముద్రం నోరు విప్పగానే వెనకనుంచి ఒక ఆడగొంతు లేచింది. "సూడర్రా, సముద్రం ఎమ్మార్వోలాగ మాటాడతన్నాది!" ఇక నవ్వులే నవ్వులు. ముసలమ్మ దాన్ని కడిగేస్తుంటే ఆడవాళ్లు తామే తగువులోకి దిగినట్టు, వదలొద్దని అరిచారు. "అడుగమ్మా, ఒగ్గీకు!" అప్ప తెర వైపు చూడలేదు. ఇటు తిరిగి కూర్చుని, అరుస్తున్నవాళ్ల నోళ్లే చూస్తూ ఉంది.

అప్ప ఇప్పుడు లేదు. నేను బొమ్మలు కంప్యూటర్లోనే కదిలిస్తాను, ఆమె ఉంటే తనూ నేర్చుకునేదే. కాకపోతే ఏ బొమ్మకైనా నోరు పెట్టే ముందు, ఈ మనిషిది ఏ ఊరని అడుగుతాను. జవాబు చెప్పలేని కథని వెనక్కి పంపేస్తాను. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు.

హైదరాబాదు నుంచి ఫోను వచ్చినా ఎత్తి, "సెప్పండి" అంటాను. అవతలివాళ్లు ఒక్క క్షణం తడబడతారు. నేను తొందరపెట్టను. వాళ్లు సర్దుకున్నాకే పని సంగతి మాట్లాడుకుంటాం.