మాను దాటిన బంతి

ధనంజయకు చిత్తూరులో ఇనుము, సిమెంటు అంగడి. చక్కెర జబ్బు వచ్చింది, రోజూ నడవమన్నాడు డాక్టరు. ఉత్త నడక విసుగనిపించి, ఊరి బయట దొరల కాలం నాటి గోల్ఫ్ మైదానంలో చేరాడు.

తోటలాంటి మైదానం అది. ఎటు చూసినా పాత మాన్లు. అక్కడి ఏడో గుంత అంటే అందరికీ హడలు. బంతి కొట్టే చోటికి ఎదురుగా కుంట, దాని గట్టున పెద్ద చింతమాను, ఆ మాను వెనక కంటికి కనబడని పచ్చిక మీద గుంత. ఒక్క దెబ్బకు మాను దాటించినవాడు లేడు. అందరూ పక్కనుంచి చుట్టి వచ్చేవాళ్లే. ధనంజయ మాత్రం పట్టుబట్టి మాను మీదుగానే కొట్టేవాడు. బంతి కొమ్మలకు తగిలి కుంటలో పడేది.

"కుంటలో చేపల కన్నా నీ బంతులే ఎక్కువైనాయప్పా" అనేవాడు స్నేహితుడు నరేంద్ర.

పోయిన వేసవిలో ఒక పొద్దున దెబ్బ వేరుగా తగిలింది. బంతి చిటారుకొమ్మ మీదుగా పోయి మాయమైంది.

"దాటిందప్పా! మాను దాటింది!" నరేంద్ర ఎగిరి వాటేసుకున్నాడు.

అంతలో మాను అవతల నుంచి ఆడమనిషి కేక వినబడింది.

ధనంజయ కుంట చుట్టూ పరుగెత్తాడు. రోజూ అక్కడ ఆకులు ఊడ్చే దేవకమ్మ పచ్చిక మీద కూలబడి ఉంది. మోచేతికీ మణికట్టుకూ నడుమ, వంగకూడని చోట ఆమె చెయ్యి వంగి ఉంది. అతను ఆ చెయ్యి చూస్తూ నిలబడిపోయాడు.

"మాను మీంద నుంచి ఎవురి బంతీ రాదు కదా అని ఊడుస్తా ఉండా సామీ" అంది ఆమె పళ్లు బిగబట్టి. "అట్ల నిలబడి సూస్తావేంది? కారు తియ్యి. పుత్తూరుకు పోదాం."

నరేంద్ర కారు నడిపాడు. దారిలో ధనంజయ ఫోను మోగింది. మైదానం సెక్రెటరీ.

"మాను దాటించినారంట గదా సార్! హాల్లో బోర్డు మీద మీ పేరు రాయిస్తాం."

"రాయొద్దు" అన్నాడు ధనంజయ. వెంటనే ఫోను పెట్టేశాడు.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన ఎముక సరిచేస్తుంటే దేవకమ్మ పెట్టిన అరుపుకు, బయట నిలబడ్డ ధనంజయ గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టారు. ఆ తర్వాత కట్టు మార్చిన ప్రతిసారీ ఆమెను అతనే తీసుకుపోయాడు. ఒకసారి తిరిగొస్తూ దేవకమ్మ అడిగింది.

"ఇంతకీ బంతి గుంతలో పడిందా సామీ?"

"నేను సూడలేదమ్మా."

"అయ్యో, అంత దూరం కొట్టి సూసుకోలేదా!" అని ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

చెయ్యి కుదిరి దేవకమ్మ పనిలోకి వచ్చాక ధనంజయ మళ్లీ ఏడో గుంతకు వచ్చాడు. బంతి పెట్టి కట్టె ఎత్తాడు. ఎత్తిన చేతులు దిగలేదు.

"కొట్టు సామీ! నేను పక్కకొచ్చేసినా!" మాను అవతల నుంచి ఆమె కేకేసింది.

అతను బంతి జేబులో వేసుకుని, కుంట గట్టున నడుచుకుంటూ ఆమె ఉన్న వైపు పోయాడు. ఇప్పటికీ మిగతా గుంతలన్నీ ఆడతాడు. ఏడోది మాత్రం నడిచి దాటుతాడు.