సరోజ టీచర్ ఆపేసిన హాట్‌స్పాట్

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. తుది మెరుగులు దిద్దుతున్న వ్యాసం ఆగకూడదని ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌కు కలిపాను. కాసేపటికి ఫోన్ వీపు కాలడం మొదలైంది. ఆ వేడిని ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటుంటే, శంషాబాద్‌లో సరోజ టీచర్ ఇంటి కిటికీ గట్టు మీద ఇలాగే కాగిన నా పాత ఫోన్ గుర్తొచ్చింది. ఇక వ్యాసం సాగలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. టీచర్ పోయి చాలా కాలమైంది. ఆమెతో నా తగాదా మాత్రం తీరలేదు.

ఆమె ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు ఆమె వరండాలో మూఢనమ్మకాల మీద, ఊరి సంగతుల మీద చర్చలు జరిగేవి. నెత్తి మీదుగా విమానం వెళ్తే అందరం నోళ్లు మూసుకునేవాళ్లం, అది దూరమయ్యాక మళ్లీ అందుకునేవాళ్లం. నేను అక్కడికి వెళ్లిన కొత్తలో నాకు తెలిసిన వాదన ఒక్కటే, అవతలివాణ్ణి నవ్వులపాలు చేయడం. వాస్తు కోసం గేటు తూర్పుకు మార్పించిన ఒక రైతును అలాగే ఎగతాళి చేశాను. నలుగురు నవ్వారు. టీచర్ నవ్వలేదు.

"భాస్కర్, జర కూసో. ముందుగాల ఆయన మాట ఆయనకంటే మంచిగ చెప్పు. ఆయన తల ఊపినంక నీ మాట చెప్పు."

చెప్పలేకపోయాను. ఆయనే చెప్పాడు. భూమి పోయింది, అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు, ఇంట్లో ఏదో ఒకటి మార్చకపోతే పిచ్చెక్కేట్టుంది, మార్చగలిగింది గేటు ఒక్కటే. ఆ రోజు నేను వాస్తు మీద నా కోపాన్ని వదులుకోలేదు, ఇప్పటికీ వదులుకోను. ఆ మనిషి మీద కోపం మాత్రం పోయింది. ఈ రెంటినీ విడదీయవచ్చని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

టీచర్‌తో పాటు ఆ ఇంట్లో ఆమె అక్క అంజమ్మ ఉండేది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. చదువు లేదు, నోరు మాత్రం గట్టిది. మా చర్చలకు చాయ్ పెడుతూ, "అరిచి అరిచి గొంతులెండె, తాగుండ్రి. మీరు గెలిస్తె దేశం బాగుపడతది, ఓడిపోతె చాయపత్తి దండుగ" అనేది. ఆమెకు షుగర్. పొద్దునా సాయంత్రం టీచరే సూది వేసేవారు. పైకప్పు మీది డిష్ నుంచి వచ్చే ఉచిత ఛానళ్లలో ఒకదాంట్లో రోజూ పొద్దున తెల్లబట్టల మనిషొకడు కూర్చుని ఏదో వేళ్ల పొడి గురించి చెప్పేవాడు. సూదులు ఒంటిని గుల్ల చేస్తాయనీ, తన పొడి తింటే సూదితో పనే లేదనీ. పెద్దమ్మ పొడి తెప్పించుకుంది. సూది వద్దంది. కొన్ని వారాల్లో ఎడమ పాదం మీద పుండు లేచింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇట్లాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందని టీచర్‌ను పక్కకు పిలిచి చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలివాళ్ల కాళ్లు తెగిపోయే అబద్ధాన్ని పొద్దున్నే నవ్వుతూ అమ్ముకునేవాణ్ణి ఏమీ అనలేని దేశంలో ఉన్నాం. ఆ కోపంతోనే పెద్దమ్మ ముందు కూర్చుని గంటసేపు వాదించాను. ఆమె అంతా విని, "డాక్టరమ్మ దవాఖానల చెప్పింది. ఆయన టీవీల చెప్పిండు. ఎవలను వడితె వాళ్లను టీవీల కూసోపెడతరా బిడ్డా?" అంది.

బయటికి వచ్చి, మూర్ఖత్వానికి మందు లేదన్నాను. టీచర్ నన్ను వరండాలోనే నిలబెట్టారు. "మా అక్క మాట చెప్పు. మంచిగ చెప్పు."

"టీవీలో వచ్చిందల్లా నిజమంటుంది."

"గది ఆమె మాట కాదు, నీ ఎక్కిరింపు. దవాఖానల డాక్టరమ్మ కాయితం దిక్కు చూసుకుంట రాస్తది, వెనక లైను ఉంటది. ఆయన రోజు అక్క మొకంల మొకం పెట్టి, అమ్మా తిన్నరా, నిద్ర పట్టిందా అని అడుగుతడు. ఇంట్ల నేను గూడ అంత ఓపికగ అడుగ."

అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. వాళ్ల డిష్ బాక్సుకు నెట్ కలిపే వీలుంది. ఫోన్ నుంచి నెట్ ఇస్తే యూట్యూబ్ టీవీ మీదికే వస్తుంది. టీచర్ ఒప్పుకున్నారు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి బతిమాలాను. ఓపీ అయ్యాక ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, నా ఫోన్ కళ్లలోకి చూస్తూ, పాదానికి పుండు ఎందుకు లేస్తుందో, సూది ఏం చేస్తుందో నింపాదిగా చెప్పింది. దాన్ని యూట్యూబ్‌లో పెట్టాను. ఆరాంఘర్‌లో ఒక దుకాణంలో, బాక్సు వెనక గుచ్చే వేలెడంత వైఫై ముక్క కొన్నాను.

కలపడం నేననుకున్నంత సులువు కాలేదు. బాక్సు మొదట ఆ ముక్కను గుర్తుపట్టనే లేదు. తీసి, ఆపి, మళ్లీ వెలిగిస్తే గుర్తుపట్టింది. రిమోట్‌తో పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతికి కొడుతుంటే వేలు తప్పి మళ్లీ మొదటికొచ్చేది. అంతా అయ్యాక గదిలో సిగ్నల్ లేదు. ఫోన్‌ను కిటికీ గట్టు మీద ఎండలో పెడితే గానీ నెట్ అందలేదు. మంచం మీంచి పెద్దమ్మ, "ఏంది, విమానం నడుపుతున్నవా?" అంటూనే ఉంది.

తెర మీద డాక్టరమ్మ వచ్చింది. బొమ్మ మధ్యమధ్య ఆగి సుడి తిరిగింది, అయినా వచ్చింది. పెద్దమ్మ గోడకు ఆనుకున్న వీపును నిటారుగా చేసింది.

"ఈమె మన డాక్టరమ్మ గదా. టీవీల పిలిచిన్రా ఈమెను?"

చివరిదాకా విన్నది. తర్వాత పుండున్న కాలును తానే చేత్తో ఎత్తి దిండు మీద పెట్టుకుంది. "సరోజా, మాపటి సంది సూది వెయ్యి" అంది.

గెలిచాం. నేను టీచర్ వైపు తిరిగి నవ్వాను. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఫోన్ తీసి, హాట్‌స్పాట్ ఆపేశారు. తెర మీద మళ్లీ మొదలైన వీడియోలో డాక్టరమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

"అక్కా, గిది టీవీ కాదు. డాక్టరమ్మను భాస్కర్ ఫోన్ల తీసిండు. గీ ఫోన్‌కెల్లి టీవీకి పంపిండు. ఎవరన్న పంపచ్చు. ఆమె చెప్పింది నిజమే. టీవీల వచ్చిందని మాత్రం నమ్మకు."

పెద్దమ్మ మా ఇద్దరినీ చూసింది. "అంటె నన్ను పిచ్చిదాన్ని చేసిన్రు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం సూది వేయించుకోలేదు.

గేటు దగ్గర టీచర్‌తో నేను మాట్లాడిన తీరు మర్యాదగా లేదు. మనం చూపించింది నిజమే కదా, మీ నీతి కోసం ఆమె కాలు పోవాలా అని అడిగాను. ఆమె గేటు మూయకుండా పట్టుకున్నారు.

"కాలు పోతె నాదే తప్పు, తెలుసు. కని రేపు ఆ పొడోడు మళ్ల వస్తడు భాస్కర్. ఎల్లుండి ఇంకోడు. అప్పుడు ఏం చేస్తవు, వానికంటె పెద్ద టీవీ తెస్తవా?"

గేటు దాటి వచ్చేశాను. ఇంట్లో ఉండబుద్ధి కాక మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. తెల్లబట్టల మనిషి టీవీలో అప్పుడే మొదలుపెట్టాడు. పెద్దమ్మ చూస్తోంది, కానీ ఎప్పటిలా తల ఊపడం లేదు. నన్ను పలకరించకుండానే అడిగింది.

"ఈయనది ఎవల ఫోన్‌కెల్లి వస్తున్నది?"

ఫోన్ నుంచి కాదనీ, ఆ అరగంటను అతను ఛానల్ దగ్గర కొనుక్కుంటాడనీ టీచర్ చెప్పారు. తెర అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'ఇది ప్రకటన' అని ఉంటే వేలు పెట్టి చదివారు. పెద్దమ్మ ఆ వేలినే చూసింది. "గంత చిన్నగ ఎందుకు రాసిండు?" అని తనలో తాను అనుకున్నట్టు అని, రిమోట్ తీసుకుని ఆపేసింది. తర్వాత ఆటో పిలవమంది. సూది కోసం కాదట, డాక్టరమ్మను ఎదురుగా కూర్చుని అడగడానికట. అడిగింది కూడా. వెనక లైను గొణుగుతుంటే, "జర ఆగుండ్రి, కాలు నాది" అని వాళ్లను కసిరి మరీ అడిగింది. ఆ రోజే సూదికి ఒప్పుకుంది.

పాదం నిలిచింది. చిటికెన వేలు తీసేశారు. ముందటి వారాల వల్ల పోయిందో, టీచర్ హాట్‌స్పాట్ ఆపిన ఆ ఒక్క సాయంత్రం వల్ల పోయిందో తెలియదు. ఒక్క రోజుకు అంత జరగదని డాక్టరమ్మ అంది. టీచర్ ఆ మాటను నమ్మినట్టు నాకెప్పుడూ కనిపించలేదు. ఆమె చేసింది సరైనదేనని నేను కొన్ని రోజులు ఒప్పుకుంటాను, కొన్ని రోజులు ఒప్పుకోను.

పెద్దమ్మ ఇంకా ఉంది. నా వ్యాసాలు అచ్చుకు పంపే ముందు వెళ్లి ఆమెకు చదివి వినిపిస్తుంటాను. మొన్న వినిపించింది బుద్వేల్ వైపు తాయెత్తులతో మూర్ఛ నయం చేస్తానంటున్న ఒకడి మీద. నిప్పులు కక్కుతూ రాశాను, చదువుతుంటే నాకే బాగుందనిపించింది. ఆమె విని, "నువ్వు పోయి చూసినవా, ఎవలన్న చెప్పిన్రా?" అంది. ఎవరో పంపిన వీడియో చూశానన్నాను. "ఎవలు తీసిన్రు?" అంది. తెలియదన్నాను.

ఆ ప్రశ్నను టీచర్ ఆమెకు పాఠంలా నేర్పలేదు. చేతికందిన గెలుపును టీచర్ వదిలేసుకుంటే, ఆ ఖాళీలో పెద్దమ్మ తనంతట తాను అడగడం మొదలుపెట్టింది. నేనైతే ఆ రోజు వదిలేవాణ్ణి కాదు. పెద్దమ్మ సూది వేయించుకుని, జీవితాంతం టీవీని నమ్ముతూ ఉండేది.

నిన్న కరెంటు వచ్చాక కూడా ఆ వ్యాసం పంపలేదు. ఇవాళ పొద్దున్నే బుద్వేల్ బస్సు ఎక్కాను. ఆ తాయెత్తులవాడి వాకిట్లో లైను పెద్దగానే ఉంది. చివర్న నిలబడ్డాను. నా ముందున్న తల్లి భుజం మీద పిల్ల నిద్రపోతోంది. ఆ తల్లిని ఏమీ అనకుండా, ఇక్కడికి ఎందుకొచ్చారమ్మా అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.