ఊడ్చిన మూల

మావయ్య పాత కెమేరా నా చేతికొచ్చేసరికి నాకు ఇరవయ్యేళ్లు. పైనుంచి తల వంచుకుని చూసి తీసే రకం, రీలుకి పన్నెండు ఫొటోలు. ఇంట్లోవాళ్లు నేను వ్రతాలూ పుట్టినరోజులూ తీస్తానని ఆశపడ్డారు. నేనేమో జుగ్సలాయిలో తాళాలు తుప్పుపట్టిన గోదాములు, టాటానగర్ స్టేషనవతల కప్పు ఎగిరిపోయిన రైల్వే క్వార్టర్లు తీసుకొచ్చేదాన్ని. కడిగించిన ఫొటోలు చూసి మావయ్య తల పట్టుకున్నాడు.

"ఏటే, రీలంతా గోడలే! గోడలకేటైనా సంబంధాలు సూత్తన్నావా?"

నవ్వుకోనీ అనుకున్నాను. మా రెండు గదుల క్వార్టర్లో నానమ్మతో కలిపి ఆరుగురం ఉండేవాళ్లం. నాన్న లోకో షెడ్డులో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలంతా గుసగుసలే. పక్కకి జరగమనే మనిషి లేని గది చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. అందులో ఒక్కదాన్నే నిలబడి, కిటికీలోంచి ఎండ నేలమీద ఎలా జరుగుతుందో ఎంతసేపైనా చూసేదాన్ని. అలాంటి ఫొటోలో ఎవరి చెయ్యి పడినా ఒళ్లు మండేది. నాకు కోపం కాస్త ఎక్కువే, ఇప్పటికీ.

ఒక వానాకాలం చివర గోదాముల వెనక మూతపడిన ప్రసూతి ఆసుపత్రి ఒకటి కనబడింది. ఎప్పుడో ఎవరో దాతలు కట్టించి వదిలేసింది. వార్డులో విరిగిన ఇనప మంచాలు, ప్రతి మంచం పైన గోడమీద నల్లరంగుతో నంబరు. ఏడో నంబరు దగ్గర కిటికీలోంచి తీగ లోపలికి పాకి గోడ సగం కప్పేసింది. నేలంతా బెత్తెడు మందాన దుమ్ము, పావురాల ఈకలు. అంత అందమైన మూల నేనెక్కడా చూడలేదు. ఎండ పొద్దుటిపూట పడుతుందని లెక్కేసుకుని, రీల్లో చివరి ఫొటో దానికని దాచుకుని ఇంటికొచ్చాను.

బియ్యం ఏరుతున్న అమ్మకి చెప్పాను. నా ఫొటోల గురించి ఏనాడూ అడగని మనిషి చేట కింద పెట్టింది.

"పచ్చ తలుపులేనా? వాకిట్లో ఏపసెట్టున్నాదా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"ఆదివారం నానూ వత్తాను."

ఒంటరిగా తిరుగుతున్నానని కాపలా వస్తోందనుకుని ముఖం మాడ్చుకున్నాను. ఆదివారం పొద్దున్న అమ్మ గుడ్డసంచీ ఒకటి చంకలో పెట్టుకుని నా వెనకే నడిచింది. అందులో ఏముందో నేనడగలేదు. ఆసుపత్రి చేరాక, ఎండ ఇంకా కిటికీ ఎక్కలేదని నేను వెనక వరండా చూసిరావడానికి వెళ్లాను. అరగంటకి తిరిగొస్తుంటే వార్డులోంచి నీళ్లు చల్లుతున్న చప్పుడు!

పరుగెత్తుకొచ్చాను. అమ్మ చెంగు నడుముకి దోపుకుని ఏడో నంబరు మూలంతా ఊడ్చేసింది. తీగ పీకి కిటికీ అవతల పారేసింది. సీసాలో తెచ్చిన పసుపు నీళ్లు చల్లి, వంగి ముగ్గు పెడుతోంది.

"అరే, యే క్యా కర్ దియా అమ్మా! సత్యానాశ్! ఆ దుమ్ము కోసమే కదా నేనొచ్చింది!"

కోపమొస్తే నా నోట హిందీయే వచ్చేది. అమ్మ తలెత్తలేదు.

"ఇంకో రెండు గీతలే, ఆగు."

గీసింది. చేతులు దులుపుకుని, ముగ్గు తొక్కకుండా పక్కన కూచుంది.

"నాది ఈ ఏడో నెంబరు మంచమే. మీ అప్ప ఇక్కడే పుట్టింది."

నాకు ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని తెలుసు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఎనిమిదంటే ఎనిమిది రోజులున్నాది. ఆరో రోజుని మీ మావయ్య కెమేరా అట్టుకుని వొచ్చినాడు, ఇదే. అప్పుడు కొత్తది. పిల్లని తీత్తానన్నాడు. ఏడాది నిండకుండా పొటో తీత్తే ఆయుష్షు తగ్గిపోద్దని నానే వొద్దన్నాను. సెంగు కప్పేసినాను దాని మొకమ్మీద."

ముగ్గు అంచు వేలితో సరిచేసింది.

"పదకొండోరోజు పురుడు సేసుకోవాల, కడిగి ముగ్గెట్టాల. అదీ లేకపోయె. ఇప్పుడు దాని మొకం గుర్తు రాటంలేదే నాకు. ఏలు గట్టిగా అట్టుకునేది, అదొక్కటే గుర్తు. ఈ మూలైనా తియ్యమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ మరిచిపోయిన చోటని నేను మురిసిపోతూ వచ్చాను. దాన్ని ఒక్కరోజూ మరిచిపోని మనిషి నాకు రోజూ అన్నం పెడుతూనే ఉంది. పక్కన కూచుని అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

ఎండ కిటికీ దాటి ముగ్గుమీదికి వచ్చింది.

"నువ్వూ కూచో అమ్మా, ఇద్దర్నీ తీస్తాను."

"నానొద్దు. దాన్నే తియ్యి," అని లేచి పక్కకి జరిగింది.

తల వంచి చూశాను. కళ్లనిండా నీళ్లు, అద్దంలో ఏమీ ఆనలేదు. అంచనామీదే నొక్కాను. తీరా కడిగిస్తే ముగ్గు, పసుపు మరక, గోడమీద ఏడు అంకె, అన్నీ వచ్చాయి. ఓ పక్కన అమ్మ చెంగు అంచు కూడా పడింది. ఇదివరకైతే అలాంటిది పనికిరాదని పక్కన పడేసేదాన్ని.

అమ్మ దానికి ఫ్రేము కట్టించి, మా ముగ్గురు పిల్లల ఫొటోల పక్కన గోడకి తగిలించింది. మావయ్య వచ్చినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మళ్లీ ఎప్పుడూ నా గోడల మీద హాస్యాలాడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి శ్రీకాకుళం నుంచి చుట్టాలావిడ మొదటిసారి మా ఇంటికొచ్చింది. కాఫీ తాగుతూ అందరూ అడిగేదే అడిగింది.

"నీకెంతమంది పిల్లలమ్మా?"

ఎవరడిగినా అమ్మ ముగ్గురనే చెప్పేది. ఆ రోజు గోడవైపు చెయ్యి చూపించి, "నలుగురండి," అంది. "అదిగో, ఆ సివర్నున్నది పెద్దది."