ఐదు నిమిషాల తెలుగు

నాకు ఇరవై నాలుగేళ్లున్న ఆ రోజుల్లో, నేను పూనుకోకపోతే లోకంలో యుద్ధాలు ఆగవని ఒక నమ్మకం ఉండేది. ఎవరు కలిగించారో తెలియదు. సింగపూరులోని బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో అమ్మానాన్నలతో ఉంటూ, రోజూ పొద్దున్నే రైలెక్కి, ఒక బ్యాంకు వెనక గదిలో కూర్చుని, పాస్‌వర్డులు మరిచిపోయినవాళ్లకి కొత్త పాస్‌వర్డులు ఇచ్చే ఉద్యోగం చేస్తున్నాను. (ఇందులో శాంతికి పనికొచ్చే అనుభవం ఏదీ లేదని అప్పుడు తోచలేదు.) ఆ ఏడు దూరదేశంలో ఎక్కడో యుద్ధం. రోజూ సాయంత్రం టీవీలో దుమ్ము కొట్టుకుపోయిన పిల్లల మొహాలు. "తినే టైంలో అవన్నీ ఎందుకే, ఛానెల్ మార్చు" అనేది అమ్మ. నేను మార్చలేకపోయేదాన్ని, తినలేకపోయేదాన్ని. ఆ బాధ నిజమే. దాని పక్కనే, పదిమంది ముందు నిలబడి మాట్లాడాలన్న కోరికా నిజమే. ఇన్నేళ్ల తర్వాత రెండూ ఒప్పుకుంటున్నాను.

శనివారాలు మధ్యాహ్నం ఒక పాత పుస్తకాల కొట్టు మేడ మీద యుద్ధం వద్దనేవాళ్లం కలుసుకునేవాళ్లం. పదిహేనుమంది కూడా ఉండేవాళ్లం కాదు. పెద్ద దిక్కు ఒక చైనీస్ అమ్మాయి. ఏ మాట వచ్చినా లేచి గోడకంటించిన చార్టు మీద రాసేది గనక, మనసులో ఆమెను చార్ట్ అక్క అనుకునేదాన్ని. అనుమతులు, నియమాలు, హాలు మాట్లాడటం అన్నీ ఆమే చూసుకునేది. వచ్చినవాళ్లందరికీ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చే ఒక మలయ్ పెద్దావిడ ఉండేది, టీ ఆంటీ. ఆమె ఎక్కువగా మాట్లాడేది కాదు. అందుకని నేను ఆమెను ఎక్కువగా పట్టించుకునేదాన్ని కాదు.

ఒక శనివారం చార్ట్ అక్క ఒక కార్యక్రమం వివరించింది. చిన్న హాలు తీసుకుందాం, తమ ఇళ్లలో యుద్ధం పొట్టనబెట్టుకున్న మనుషుల గురించి ఇక్కడివాళ్లే వచ్చి చెబుతారు, ఒక గోడకు పొడవాటి కాగితం కడదాం, వచ్చినవాళ్లు తమవాళ్ల పేర్లు దాని మీద రాస్తారు. ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళం. దేశంలోని నాలుగు అధికార భాషలు, చార్టు మీద నాలుగు గడులు. ఆమె మార్కర్‌కి మూత పెడుతుండగా నేను లేచి నిలబడ్డాను. అప్పటికి ఏడాది కిందటే పౌరసత్వం వచ్చింది, ఒంట్లో ఆ ఉత్సాహం ఇంకా తగ్గలేదు. ఈ దేశంలో తెలుగువాళ్లున్నారని, తరాల క్రితమే వచ్చినవాళ్లూ ఉన్నారని, నాలుగు గడుల్లో పట్టనివాళ్లకి చోటులేని శాంతి ఎవరి శాంతి అని, చాలాసేపు మాట్లాడాను. ఒకరు మెల్లగా, "అలా అయితే రేపు ఇంకో పది భాషలవాళ్లు అడుగుతారు, కార్యక్రమం ఎప్పటికి ముగుస్తుంది" అన్నారు. కిటికీ దగ్గర కూర్చున్న పొడుగాటి సిక్కు ఆయన, "ముగియకపోతే ఏం లా. మమ్మల్నీ ఎవరూ అడగలేదు. ముందు ఆమెని రానివ్వండి" అన్నాడు, ఇక్కడివాళ్లందరిలా మాటకి 'లా' తగిలించి. చార్ట్ అక్క ఒక్క క్షణం నన్ను చూసి, ఐదో గడి గీసి, "తెలుగు, ఐదు నిమిషాలు. మనిషిని నువ్వే తీసుకురా, ఇంగ్లిష్‌లోకి అనువాదం కూడా నువ్వే" అని రాసేసింది.

నేను ఓడిపోతానని అనుకుని సిద్ధమై వచ్చాను. ఓడిపోయాక మాట్లాడాల్సిన మాటలు కూడా నా దగ్గరున్నాయి. గెలిస్తే ఏం చేయాలో మాత్రం తెలియదు.

మర్నాడే మా పక్క బ్లాకులో ఉండే మీటింగ్ అంకుల్ దగ్గరికి వెళ్లాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఉగాది, పిక్నిక్ ఆయన చేతుల మీదుగానే జరిగేవి. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నువ్వు సిటిజన్‌వి. మనవాళ్లలో సగంమంది వర్క్ పాసుల మీద ఉన్నారు. ఒక ఫొటో ఎక్కడో పడి, రేపు ఒకడి పాసు రెన్యూ కాకపోతే, వాడి భార్యాపిల్లలకి నువ్వేం చెబుతావు?"

"ఇది తప్పు పని కాదంకుల్. పర్మిషన్ ఉంది."

"తప్పని నేనన్నానా? భయమన్నాను."

ఆ సాయంత్రం నా డైరీలో ఆయన గురించి ఒక పెద్ద మాట రాశాను. (ఇప్పుడు నాకు దాదాపు అప్పటి ఆయన వయసే. ఇద్దరు పిల్లలు, పుంగ్గోల్‌లో ఫ్లాటు. ఆ మాట కొట్టేయాలని ఉంటుంది గానీ ఆ డైరీ ఎక్కడుందో.) ఆ రోజు వాళ్లింట్లోంచి బయల్దేరుతూ నేను చెప్పులేసుకుంటుంటే అంకుల్ వాళ్లావిడ గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "బుకిట్ బటోక్‌లో ఒక ముసలావిడ ఉందమ్మా. ఎప్పటినుంచో ఇక్కడివాళ్లు. వాళ్ల నాన్నని యుద్ధంలో తీసుకుపోయారని ఏదో చెబుతూ ఉంటుంది. కూర్చుని వినేవాళ్లే లేరు. వెళ్లి చూడు."

ఆవిడ ఉండేది రెండో అంతస్తులో. తలుపు ముందు కరివేపాకు కుండీలు. తెల్ల జుట్టు బిగించి ముడేసుకుని, పూల బాతిక్ గుడ్డ కట్టుకుని, కటకటాల వెనక నుంచి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నమస్కారం ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏటి, మామ్మ అను. కూకో. మాకాన్ అయిందా?" భోజనం అయిందా అని.

ఆవిడ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి మలయాలో కొబ్బరి తోటలకి వచ్చాడట. మామ్మ పుట్టింది పేరాక్‌లో ఒక తోటలో. పెళ్లయ్యాక సింగపూరు. చదివింది తోటలోని తమిళ బడి, నాలుగో తరగతి. తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు. ఆ మాట్లాడేదాంట్లో కూడా ప్రతి రెండో మాట తమిళమో మలయో. నేను వింటూ లోలోపల కంగారు పడిపోయాను. ఐదు నిమిషాల తెలుగు కోసం అంత పోట్లాడాను కదా, తీరా వేదిక మీద వినిపించేది ఇదా అని. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "అదేం తెలుగే, ఎవరైనా వింటే నవ్విపోతారు. నువ్వే రాసివ్వు" అంది. గుంటూరు నుంచి అచ్చమైన తెలుగుని తనే మోసుకొచ్చానని అమ్మకి గట్టి నమ్మకం.

రాశాను. రెండు పేజీలు. యుద్ధోన్మాదం, సౌభ్రాతృత్వం, విశ్వమానవాళి, ఇంకా అలాంటివి చాలా. రాసినవాటిలో కొన్నిటి అర్థం అమ్మనడిగి, అమ్మకీ తెలియక, నిఘంటువు చూశాం. మామ్మ కోసం అంతా తమిళ అక్షరాల్లో ఎక్కించి ఇవ్వమని ఆఫీసులో ఒక తమిళాయన్ని బతిమాలాను. ఆయన మంచివాడు, భోజనం మానుకుని రాసిచ్చాడు. తమిళంలో క, గ, ఖ, ఘలకి ఒకటే అక్షరమని ఆయనా చెప్పలేదు, నాకూ తట్టలేదు.

మూడు ఆదివారాలు సాధన. మామ్మ బడిపిల్లలా కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని చదివేది. సౌభ్రాతృత్వం దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. నేను ప్రతిసారీ సరిదిద్దేదాన్ని. నన్ను కష్టపెట్టడం ఇష్టంలేక ఆవిడ మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టేది. మూడో ఆదివారం కాగితం ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"ఇందులో మా అయ్య ఎక్కడున్నాడమ్మా?"

"అంతా ఆయన గురించే మామ్మా. యుద్ధబాధితులు అని ఉంది చూడండి, మూడో పేరాలో."

"ఓహో," అంది మామ్మ. నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

కార్యక్రమం రోజు హాల్లో డెబ్భై కుర్చీలు వేస్తే అన్నీ నిండాయి. వెనక వరసలో మీటింగ్ అంకుల్, వాళ్లావిడ ఉన్నారు. ఆయన టోపీ కళ్లదాకా లాక్కుని, ఎవరూ చూడకపోతే బాగుండుననిపించేట్టు కూర్చున్నాడు. అయినా వచ్చాడు. మిగతా నాలుగు భాషలూ అయ్యాయి. ఒక చైనీస్ తాత తన అన్నల గురించి చెబుతుంటే హాలంతా కదలకుండా వింది. తర్వాత మామ్మ లేచింది. నేను పక్కన ఇంకో మైకుతో నిలబడ్డాను, మొహం మీద అనువాదకురాలి గాంభీర్యం.

మామ్మ కాగితం విప్పింది. చూసింది. మళ్లీ మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

"మా అయ్య కొబ్బరి తోటలో పని సేసీవోడు," అని మొదలుపెట్టింది.

నేను బట్టీపట్టిన ఇంగ్లిష్ అంతా ఆ రెండు పేజీలకి సంబంధించిందే. ఏం చేయను, ఒక్కొక్క వాక్యమే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం, జపానువాళ్ల కాలం. ఒకరోజు లారీ వచ్చింది. కంగాణి, అంటే తోటపని చేయించే మేస్త్రీ, పక్కన నిలబడి పేర్లు పిలిచాడు. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలుదారి వేస్తారంట, మూడు నెలలే అంట. వాళ్లమ్మ కర్రపెండలం ఉడకబెట్టి గుడ్డలో కట్టి ఇచ్చింది. అయ్య లారీ ఎక్కి, ఏడేళ్ల కూతురికి చెయ్యి ఊపాడు. తెలుగువాళ్లు ఆ లారీలో పదకొండుమంది. ఇక్కడిదాకా బాగానే చెప్పాను. అప్పుడు మామ్మ అంది.

"అయ్య ఎలిపోనాడు. బాలిక్ రానేదు."

"నాన్న వెళ్లిపోయాడు," అని ఇంగ్లిష్‌లో చెప్పాను. "ఆ అమ్మాయి రాలేదు."

హాల్లో జనం మొహమొహాలు చూసుకున్నారు. మామ్మకి ఇంగ్లిష్ మాట్లాడటం రాకపోయినా కొంత అర్థమవుతుంది. నా వైపు తిరిగింది.

"ఏ అమ్మాయే? ఆ గుంటని నానే కదా. నాను ఇక్కడే ఉన్నాను."

తెలుగు తెలిసిన నలుగురైదుగురు నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు గోడ దగ్గర ఫ్లాస్కు పక్కన నిలబడి ఉన్న టీ ఆంటీ, మైకు లేకుండా, తన మామూలు గొంతుతో అంది. "బాలిక్ మలయ్ మాట, డియర్. తిరిగి ఇంటికి రావడం. వాళ్ల నాన్న ఇంటికి తిరిగి రాలేదు."

ఆ మాట నాకు తెలియనిది కాదు. చిన్నప్పటినుంచీ బస్సుల్లో, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లలో వింటున్నదే. కానీ తెలుగు వాక్యం మధ్యలో వచ్చేసరికి నా చెవి దాన్ని 'బాలిక' అని తెలుగులోకి లాగేసింది. తెలుగంటే ఇలా ఉండాలని మూడు ఆదివారాలు ఆవిడ మీద రుద్దింది ఈ చెవే. నాలుగు గడుల్లో మాకు చోటు లేదని అంత గొంతు చించుకున్నదాన్ని, నా ఒక్క గడిలో మామ్మకి చోటివ్వలేదు. ఇదంతా ఆ క్షణంలోనే అర్థమైందని చెబితే అబద్ధం. ఆ క్షణంలో చెవులు వేడెక్కాయి, అంతే.

టీ ఆంటీ వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె వెనకే, ముందుగా తమిళంలో మాట్లాడినాయన కూడా లేచి వచ్చాడు. ఆ తర్వాత మామ్మ చెప్పినదంతా మేం ముగ్గురం కలిసి చెప్పాం. తెలుగు నాది, మలయ్ ఆమెది, తమిళం ఆయనది. ఒకే ఆవిడకి ముగ్గురు అనువాదకులు. వాళ్లమ్మ రెండేళ్లు సాయంత్రాలు తోట గేటు దగ్గర నిలబడిందని, పదకొండుమందిలో ఒక్కడే వచ్చాడని, అతను వచ్చాక ఎవరు అడిగినా ఏమీ చెప్పకుండా బావి గట్టు మీద కూర్చునేవాడని చెప్పింది. "సయాం రైలు గురించి అందరూ సెప్తారు. ఆడ సచ్చిపోయిన తెల్ల సోల్జర్ల గురించి సెప్తారు. మా తోటోళ్ల పేరు ఎవురూ సెప్పరు. ఇప్పుడు ఇంకో దేశంలో గుంటలు అలాగే గేటుకాడ నిలబడి ఉంటారు కదా. అందుకే వొచ్చినాను." సమయం చూసుకునే చార్ట్ అక్క గడియారాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై దాటాయి.

అంతా అయ్యాక జనం గోడ దగ్గర చేరారు. పొడవాటి కాగితం మీద రకరకాల లిపుల్లో పేర్లు. మామ్మ నా చేతికి మార్కర్ ఇచ్చింది. "నాకు తెలుగు రాయడం రాదు కదా. నువ్వు రాయి. మా అయ్య పేరు, సిమ్మాచలం."

నా చెయ్యి అలవాటుకొద్దీ 'సిం' అని రాయబోయింది. సింహాచలం అన్నది కదా సరైన రూపం. సున్నా పెట్టబోతూ ఆగాను. లారీ పక్కన నిలబడి కంగాణి పిలిచిన పేరు అది కాదు. గేటు దగ్గర నిలబడి వాళ్లమ్మ అనుకున్న పేరూ అది కాదు. మామ్మ నా భుజం మీదుగా చూస్తూ, చదవలేని అక్షరాల కోసం ఎదురుచూస్తోంది. మకి మ ఒత్తు పెట్టి, ఆవిడ అన్నట్టే రాశాను.

ఇప్పుడు తలుచుకుంటే, ఇరవై నాలుగేళ్ల ఆ పిల్ల చేసిన హడావుడికంతటికీ సిగ్గుపడుతూనే, ఆ గోడ దగ్గర ఆగిన చేతి మీద మాత్రం కొంచెం ప్రేమ కలుగుతుంది.