నూకరత్నం గొంతు

మీరు నన్ను ఎరగరు, కాబట్టి మీకు చెప్పగలను. ఏళ్ల తరబడి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను.

టెక్కలిలో ఇంజనీరింగు చదివేటప్పుడు నూకరత్నం, నేను ఒకే బెంచీ. మూలపేట దగ్గర చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల. వాళ్లింట్లో ఆడాళ్లంతా కెరటాల హోరు దాటి పడవలోవాళ్లకి వినబడేలా ఒడ్డునుంచి కేకేస్తారు. అందుకే ఏ మాటైనా చివర సాగదీస్తుంది. ఇంగ్లీషైనా అంతే. ఎంత ఇష్టమో నాకు ఆ గొంతు!

ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ నాకు ముందు పడింది, తనకి మర్నాడు. నాకేమో సబ్జెక్టు రాదు. కాళ్లావేళ్లా పడ్డాను. కాశీబుగ్గలో మా ఇంట్లో, తను లాప్‌టాప్ వెనక కూర్చుని జవాబులు చెప్పింది, నేను పెదాలు కదిపాను. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే వాసన. ఆ మధ్యాహ్నం నిజంగా జరిగిందా, కల కన్నానా అనిపిస్తుంది ఇప్పటికీ. నోరు నాది, మాట తనది. సిగ్గు వెయ్యలేదేటి నాకు? వెయ్యలేదు. హాయిగా ఉంది.

మర్నాడు తన ఇంటర్వ్యూలో, ముందురోజు నా నోట విన్న గొంతే ఇది అని పట్టేశారు. ఈ అమ్మాయి ఎవరని నన్ను మెయిల్లో అడిగారు. నిజం రాస్తే ఇద్దరికీ ఉద్యోగం పోతుంది. అదేనా నా భయం? కాదు, నాకు పోతుందని. ఆ గొంతు నాదేనని, రత్నమే నా మాటలు రికార్డు చేసి కంప్యూటర్లో నా గొంతు తయారు చేసుకుందేమో అని రాసేశాను. నమ్మేశారు, ఉద్యోగం నాకిచ్చారు. చేరిన రోజు జలుబుతో గొంతు మారిందన్నాను, ఎవరికీ పట్టలేదు. రత్నాన్ని మాత్రం, మోసం చేసిందని, కాలేజీవాళ్లు మళ్లీ ఏ ఇంటర్వ్యూకీ పంపలేదు.

ఆ ఉద్యోగంలో చేరడానికి నేను బెంగళూరు వెళ్లేనాడు రత్నం స్టేషనుకి వచ్చింది.

"నిన్న మాటాడింది నువ్వేనా అని ఇంటర్వ్యూలో అడిగారే ఆలు."

"ఏటన్నావు?"

"నీ పేరెత్తుతానేటే? నాకేటీ తెల్దన్నాను. ఒకల ఉజ్జోగమైనా నిలబడాల కదే. ఎల్లు, ఎల్లి నన్ను పిలుద్దువు గాని."

రైలు కదిలింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? పెదాలు కదిలాయి. మాట రాలేదు.

నేను పిలవలేదు. తను కాశీబుగ్గలో జీడిపప్పు ఏరుతోంది. కలలో నేను కెమెరా ముందు కూర్చునుంటాను, ఇసకలో, నీళ్లు పాదాల దాకా వస్తుంటాయి. ఎక్కడో ఒడ్డునుంచి నా పేరు చివర సాగదీసి ఎవరో పిలుస్తుంటారు. పలకలేను.

తనకి చెబుతానా? ఏమో. ధైర్యం లేదు. కానీ ఇప్పుడు మీకు చెప్పిన ప్రతి మాటా నాదే. వెనక ఎవరూ కూర్చోలేదు.