మలుపు దాటే దాకా

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఎన్ని మేడలు ఎక్కాడో ఎవరూ చెప్పలేరు. తప్పు దిద్దడానికి మాత్రం ఎక్కిన మేడ మళ్ళీ ఎక్కలేదు. ఈ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు.

ఆయన యాంటెనాలు బిగించే మనిషి. మేడల మీద, నీళ్ళ ట్యాంకుల పక్కన, ఇనుప స్తంభాలకు మూడు వైపులా పొడవాటి తెల్ల పెట్టెలు ఉంటాయి. దారిన పోయేవాళ్ళు తలెత్తి వాటిని చూడరు. ఫోన్లో మాట వినిపిస్తున్నంత కాలం చూడనక్కర్లేదు. ఒక్కో పెట్టె ఒక్కో వైపు వీధులకు సిగ్నల్ అందిస్తుంది. పనివాళ్ళు దాన్ని ముఖం అంటారు. ఒకటో ముఖం, రెండో ముఖం, మూడో ముఖం. కింద గదిలో ఉన్న యంత్రం నుంచి ఒక్కో ముఖానికి ఒక్కో కేబుల్ పైకి వెళుతుంది. ఏది ఏ ముఖానిదో తెలియడానికి రెండు చివరలా రంగు టేపు చుడతారు.

అందరూ టేపు చుట్టి తెంపేస్తారు. ఆయన చివర అరంగుళం లోపలికి మడిచి వదులుతాడు. చేతికి తొడుగు ఉన్నా ఆ మడత పట్టి లాగితే టేపు ఊడి వస్తుంది. తర్వాత ఎక్కేవాడు గోళ్ళు విరగ్గొట్టుకోకూడదని ఆయన ఆలోచన. ఆ మడత చిన్న చెవిలా ఉంటుంది. అందుకని ఆయన్ని చెవి మేస్త్రి అన్నారు. మొదట వెక్కిరించడానికి అన్నారు. కొన్నేళ్ళకు గౌరవంగా అనడం మొదలుపెట్టారు. ఆయన రెండింటికీ ఒకేలా పలికాడు.

మాట తక్కువ. "ఊరంతా మాట్లాడుకోడానికి ఏర్పాట్లు చేసి వస్తారు, ఇంటికొచ్చి నోటికి తాళం వేస్తారు" అని భార్య అనేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వుకూ చప్పుడు ఉండేది కాదు.

కూతురు అదే కంపెనీలో నడిచే పని చేస్తుంది. కొత్తగా బిగించిన ప్రతి మేడ చుట్టూ వీధులను కార్లో తిరిగి సిగ్నల్ కొలుస్తారు. కారు పట్టని సందులు, మెట్లు, నేలమాళిగలు ఆమె వంతు. భుజాన సంచి, సంచిలో రెండు ఫోన్లు. ఫోన్ ఒక నంబరుకు కాల్ చేస్తుంది. అవతల రికార్డు చేసిన గొంతు ఆగకుండా చదువుతూ ఉంటుంది. ఆమె దాన్ని వింటూ నడుస్తుంది. ఎక్కడ ఏ ముఖం నుంచి సిగ్నల్ అందుతోందో, ఎక్కడ మాట తెగిందో ఫోన్ దానంతటదే రాసుకుంటుంది. అయినా ఆమె ప్రతి మలుపు దగ్గరా ఆగి, చిన్న పుస్తకంలో పెన్సిలుతో ముఖం అంకె వేసుకుంటుంది.

"ఫోన్ రాస్తోంది కదక్కా, నీకెందుకు శ్రమ?" అని ఆఫీసులో అడిగేవారు.

"ఫోన్ రాసింది ఫోన్‌కి గుర్తుంటుంది. మరి నాకు?" అనేది.

ఆ ఏడాది నగరమంతా పాత నెట్‌వర్క్ తీసేసి కొత్తది పెడుతున్నారు. కొత్త యాంటెనాలతో పాటు ఒక కాగితం వచ్చింది. ఇన్నేళ్ళూ టేపుల క్రమం ఎరుపు, పసుపు, నీలం. ఇకనుంచి ఎరుపు, నీలం, పసుపు. అంటే రెండో ముఖానికి నీలం, మూడో ముఖానికి పసుపు. మేస్త్రి కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. నలభై మేడల మీద ఆ క్రమంలోనే బిగించాడు.

ఆ ఏడాదితో ఆయనకు స్తంభం ఎక్కే వయసు దాటిపోతుంది. ఆ తర్వాత మంచి దారి ఒక్కటే ఉంది. కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పడానికి కంపెనీ ఒక శిక్షకుణ్ణి తీసుకుంటోంది. ఉద్యోగం ఒకటే. దానికి షరతూ ఒకటే. గత ఐదేళ్ళలో తప్పు దిద్దడానికి ఒక్కసారైనా మళ్ళీ ఎక్కి ఉండకూడదు. ఆయన పేరు తప్ప వేరే పేరు ఎవరి నోటా రాలేదు. పేర్లు శనివారం పై అధికారులకు వెళతాయి. సోమవారం ఉదయం పదింటికి ఆ ప్రాంతంలో పాత నెట్‌వర్క్ ఆపేస్తారు.

గురువారం ఆమె బడి వెనక వీధి నడిచింది. బ్రెడ్డు దుకాణం, బడి గోడ, లాండ్రీ, ఆ తర్వాత మలుపు. నాలుగు నిమిషాల నడక. మలుపు తిరగగానే మాట తెగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచింది. మళ్ళీ అక్కడే తెగింది. మూడోసారి బ్రెడ్డు దుకాణం ఆవిడ బయటికొచ్చి, "ఏదైనా పారేసుకున్నావా అమ్మా?" అని అడిగింది.

"లేదండీ, వెతుకుతున్నాను" అంది.

రెండో ఫోన్లో మాట తెగలేదు. అది పాత నెట్‌వర్క్‌నీ వాడుకునే ఫోన్. కొత్తది వదిలేసిన మాటను పాతది పట్టుకుంటోంది. అందుకే ఆ వీధిలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మొదటి ఫోన్‌ను ఆమె కొత్త నెట్‌వర్క్ ఒక్కటే పట్టేలా పెట్టింది. సోమవారం పదింటి తర్వాత అందరి ఫోన్లూ ఆ మొదటి ఫోన్ లాంటివే.

పుస్తకం తెరిచి చూసుకుంది. ఆ వీధికి రెండో ముఖం ఉండాలి. మూడు అని రాసి ఉంది. మేడకు అవతలి వైపు వీధిలో మూడు ఉండాలి. రెండు అని రాసి ఉంది.

ఆఫీసులో ఇంజనీరు తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె కన్నా చిన్నవాడు. మొదటిసారి మేడ ఎక్కినప్పుడు కాళ్ళు వణికితే మేస్త్రి నడుముకు తాడు కట్టి దింపాడు. అది అతను మరిచిపోలేదు.

"తెరంతా పచ్చగా ఉందక్కా. నువ్వేంటి, మొహం అలా పెట్టావు?"

ఆమె పుస్తకం చూపించింది. అతను తెరను చూశాడు. పుస్తకం చూశాడు. మూడు ముఖాలూ బతికే ఉన్నాయి కనక తెర పచ్చగా ఉంది. ఏది ఎటు చూస్తోందో తెరకు తెలియదు. మలుపు దగ్గర మాటను పక్క ముఖానికి అప్పగించాలి. యంత్రమేమో అక్కడ లేని ముఖానికి అప్పగిస్తోంది.

"కేబుళ్ళు తారుమారయ్యాయి" అన్నాడు. "ఎవరు బిగించారు?"

పని అయ్యాక పైన తీసిన ఫొటో తెరిచారు. రెండో ముఖం కింద, నీలం ఉండాల్సిన చోట, పసుపు టేపు. దాని చివర చిన్న మడత.

ఆ మడత ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"ఒక పని చేద్దాం" అన్నాడు అతను, గొంతు తగ్గించి. "ఇక్కడ కూర్చునే రెండుని మూడు అంటాను, మూడుని రెండు అంటాను. ఐదు నిమిషాలు పట్టదు. వీధీ బాగుంటుంది, మేస్త్రి గారూ బాగుంటారు. ఎవరూ మేడ ఎక్కక్కర్లేదు."

ఆమె వెంటనే కాదనలేకపోయింది.

"రేపు చెప్తాను."

"పొద్దున్నే చెప్పు. నీ రిపోర్టు పైకి పోయిందంటే ఇక నా చేతుల్లో ఉండదు."

సాయంత్రం ఇంట్లో తల్లి ఉతికిన బట్టలు మడత పెడుతోంది. తండ్రి కిటికీ దగ్గర కూర్చుని తాళ్ళ కొక్కేలకు నూనె రాస్తున్నాడు. ఆమె పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"బడి వెనక వీధిది. చూడు నాన్నా."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "బ్రెడ్డు దుకాణం దగ్గర మూడు వేశావు. రెండు కదా?"

"మూడే వస్తోంది."

"పొరపడ్డావేమో."

"మూడుసార్లు నడిచాను."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె ఫోన్లో మేడ మీద తీసిన ఫొటో తెరిచి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"చెవి నాదే" అన్నాడు.

తల్లి చేతిలో దుప్పటి సగం మడతలో ఆగింది. సంగతేమిటో కూతురు ఆమెకు చెప్పింది. ఇంజనీరు చెప్పిన ఉపాయమూ చెప్పింది.

"మంచి పిల్లాడు" అంది తల్లి. "అలాగే కానివ్వండి. ఎవరికి నష్టం?"

"పైకి ఎక్కేవాడికి" అన్నాడు ఆయన. "పైన తెర ఉండదు. టేపు చూస్తాడు. నీలం కనిపిస్తే రెండు అనుకుంటాడు. రెండు ఆపండి అని కిందికి చెప్తాడు. వీళ్ళు తెర మీద రెండు ఆపుతారు. వాడు ఆగని ముఖానికి ఎదురుగా నిలబడి పని చేస్తాడు. ఒళ్ళు కాలేదాకా తెలియదు."

అన్ని మాటలు ఒకేసారి ఆయన నోటి నుంచి రావడం ఆ ఇంట్లో అరుదు. తల్లి దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి ఆ ఉద్యోగం?"

"పోతుంది." బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళండీ."

"అవును. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ నేను టేపును నమ్మే ఎక్కాను."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. "రిపోర్టులో రాశావా?"

"ఇంకా లేదు."

"ఏం?"

"నువ్వు కదా నాన్నా."

"వీధిలో నడిచేటప్పుడు నువ్వు ఎవరి కూతురివి?"

ఆయన పుస్తకం మూసి ఆమె చేతిలో పెట్టాడు.

"రాయి. చెవి సంగతి కూడా రాయి. ఫొటోలో బాగానే పడింది."

శుక్రవారం ఉదయం ఆయన ఆ మేడ ఎక్కాడు. తప్పు దిద్దడానికి మళ్ళీ ఎక్కడం అదే మొదటిసారి. ఇంజనీరు కింద గదిలో యంత్రం దగ్గర ఉన్నాడు. మేస్త్రి మూడు ముఖాలూ ఆపించి, కేబుళ్ళు రెండూ విప్పి, మార్చి బిగించాడు. విప్పినప్పుడు నలిగిన పాత టేపులు చెవి పట్టుకుని లాగితే ఒక్క లాగుకే ఊడి వచ్చాయి. అవే రంగుల్లో కొత్తవి చుట్టాడు. చివర మడిచాడు. చెయ్యి మళ్ళీ తనకు తెలిసిన దారి పడుతుందేమోనని ప్రతి రంగూ పైకి పలికి మరీ చుట్టాడు.

అంతా అయ్యాక మూడు ముఖాలూ మళ్ళీ నడిపించి, కూతురికి ఫోన్ చేశాడు. ఆమె మొదటి ఫోన్‌తో బ్రెడ్డు దుకాణం ముందు ఉంది.

"నడు."

"రికార్డుకి కాల్ చేసి నడవాలి నాన్నా."

"అది తర్వాత. ముందు నేను వినాలి."

"అయితే మాట్లాడుతూ ఉండు. ఆపితే తెగిందో లేదో తెలీదు."

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా."

ఆయన కొంచెం ఆలోచించాడు. "బ్రెడ్డు దుకాణం రేకు తుప్పు పట్టింది."

"ఊఁ."

"బడి గోడ మీద పిల్లి ఉంది. లాండ్రీ వాళ్ళు పైన దుప్పట్లు ఆరేశారు. తొమ్మిది."

"ఊఁ. ఇంకా."

"నువ్వు కనిపిస్తున్నావు."

ఆమె తలెత్తలేదు. నడిచేటప్పుడు తలెత్తితే అడుగు తప్పుతుంది.

"మీ అమ్మకన్నా వేగంగా నడుస్తావు. నీకు ఈ పని వచ్చినప్పుడు నాకు భయం వేసింది."

"ఎందుకు?"

"నా పని బాగుందో లేదో నాకన్నా ముందు నీకు తెలుస్తుంది కదా. ఏదో ఒక రోజు పుస్తకం తెచ్చి నా ముందు పెడతావు అనుకున్నాను."

ఆమె లాండ్రీ దాటింది.

"పెట్టావు" అన్నాడు ఆయన. "పెట్టకపోయుంటే అప్పుడు సిగ్గుపడేవాణ్ణి."

ఆమె మలుపు తిరిగింది. నిన్న మూడుసార్లు మాట తెగిన చోటు. ఐదు అడుగులు వేసింది. పది వేసింది.

"మలుపు దాటాను నాన్నా."

"తెలుసు. కనిపించడం లేదు. వినిపిస్తున్నావు."

కింద గదిలో ఒక కాగితం నింపాలి. కూతురూ అక్కడికి వచ్చింది. తప్పుకు కారణం అన్న చోట ఆయన, బిగించినవాడి చెయ్యి పాత అలవాటున పోయింది అని రాశాడు. బిగించినవారి పేరు దగ్గర తన పేరు రాశాడు. తప్పు కనిపెట్టినవారి ఉద్యోగి సంఖ్య అన్న గడి దగ్గర ఆగాడు. ఇంజనీరు తెరలో వెతకబోయాడు. అంతలోనే ఆయన ఆరు అంకెలు రాసేశాడు. ఆమె మెడలోని కార్డు తిప్పి చూసుకుంది. సరిగ్గా ఉంది.

సోమవారం పదింటికి పాత నెట్‌వర్క్ ఆగిపోయింది. బడి వెనక వీధిలో ఎవరికీ ఏమీ తెలియలేదు.

శిక్షకుడి ఉద్యోగం వేరే ఊరి నుంచి వచ్చిన మనిషికి వెళ్ళింది. మేస్త్రికి సామాను గదిలో పని ఇచ్చారు. తల్లి రెండు రోజులు కంపెనీని తిట్టింది. "శిక్షకుడికి తిరిగే కుర్చీ ఇస్తారట" అన్నాడు ఆయన. "నాకు కళ్ళు తిరుగుతాయి." ఆవిడ నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

ఆమె రిపోర్టు చదివిన ఇంజనీర్లు మిగిలిన మేడల చుట్టూ కూడా నడిచి చూడమన్నారు. నగరంలో ఇంకో పదకొండు చోట్ల అదే తారుమారు బయటపడింది. బిగించినవాళ్ళు వేరు వేరు మనుషులు. అందరూ పాతవాళ్ళే. అందరి చేతులూ ఒకే దారిన పోయాయి. ఆ తర్వాత ఎవరూ రాతలో ఆదేశం ఇవ్వలేదు కాని, పనిలోకి కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. పైనున్న మనిషి బిగించగానే దిగడు. కింద నడిచే మనిషికి ఫోన్ చేస్తాడు. ఆ మనిషి మలుపు దాటే దాకా మాట్లాడుతూ అక్కడే ఉంటాడు.

కొత్తగా చేరినవాళ్ళకు బిగించడం శిక్షకుడు నేర్పుతాడు. టేపు తీసుకోవడానికి మాత్రం సామాను గదికి వస్తారు. చెవి ఎలా మడవాలో అక్కడ చూసి పోతారు. ఒకడు మొదటిసారి ఎక్కబోతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రి గారూ, నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలటండీ. అవతల ఎవరో ఏమిటో. ఏం మాట్లాడాలి?"

ఆయన మూడు రంగుల టేపులు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాడు.

"కనిపించింది చెప్పు" అన్నాడు. "మిగతా మాట దానంతటదే వస్తుంది."