తమ్ముడు పోరాడిన ఊరు

మైపాడు బీచి ఇసకలో తమ్ముడికి పరుగు నేర్పింది నేనే. కేంద్ర బలగాల సెలక్షన్‌కు ఇద్దరం కలిసే పోయినాం. పరుగులో వాడికంటే ముందు వచ్చినా. కళ్ల పరీక్షలో మాత్రం రంగు చుక్కల మధ్య దాగిన అంకె నాకు కనపడలేదు. వాడికి కనపడింది. వాడు ఉద్యోగంలో చేరినాడు, నేను నెల్లూరికి ఆటో తిప్పుకుంటా ఉండిపోయినా.

నాలుగేళ్లకు, ఈశాన్యంలో వాడు పనిచేసే చిన్న కొండ ఊరిని తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. మూడు రోజులు కాల్పులు. ఫోను కలవలేదు. అమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదు, అన్నం ముట్టలేదు. నాకూ భయమే. కానీ ఆ భయం కిందే, చెప్పుకోడానికి సిగ్గు, ఇంకో మాట మెదిలింది: నాకోసం అమ్మ ఏనాడన్నా ఒక్కపూట పస్తుండిందా?

ఊరు మళ్లీ సర్కారు చేతికొచ్చింది. భుజానికి కట్టుతో తమ్ముడు సెలవులో వచ్చినాడు. మా ఊరికి దగ్గరున్న విడవలూరులో దండలేసి, నా ఆటోలోనే ఊరేగించారు. "డ్రైవరన్నా, మెల్లగా పోనీ, అందరూ చూడాల," అన్నారెవరో. నేను వాడి అన్ననని ఆయనకు తెలీదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సముద్రం ఒడ్డుకు పోయినాం. "ఎంతమందిని కాల్చినావురా?" అని అడిగినా. నా గొంతులో ఎకసెక్కెం నాకే వినపడింది.

"ఒక్కడినీ సరిగా చూళ్లేదన్నా. రెండు రోజులు ఒక దర్జీ కొట్లో నేల మీద పడుకోనుండాం. ఆ కొట్టామె మా అయిదుగురికీ గంజి కాచి పోసింది. మూడోనాడు మేం పక్కింట్లోకి మారితే, తిరుగుబాటోళ్లు ఆ కొట్లోకి దూరినారు. కూల్చేయమని ఆర్డరొచ్చింది. మేమే కూల్చినాం."

"ఆమె?"

"ముందే బయటికి పోయిందన్నారు. నేను చూళ్లేదు."

భుజం కట్టు సర్దుకుంటా, "అమ్మకు చెప్పొద్దన్నా," అన్నాడు.

వాడి వీపు మీద చెయ్యి వెయ్యాల్సింది. వెయ్యలేదు. దాచుకోవాల్సినంత పెద్ద సంగతి నా బతుకులో ఒక్కటీ లేదే అని అప్పుడు కూడా కుళ్లుకున్నా.

సెలవయ్యాక వాడిని నెల్లూరులో రైలెక్కించి వచ్చినా. "నీతో ఏమన్నా చెప్పినాడా?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. "ఏం లేదమ్మా," అంటా. ఆ మాట అనేటప్పుడు నాకు బాగుంటుంది. అమ్మకు చెప్పుకోని ఆ ఒక్క సంగతిలో తమ్ముడు నాకొక్కడికే దక్కినాడు.